కందకాల యుద్ధం పాఠాన్ని గ్రౌండులో చెప్పే పద్ధతి

మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలు అడిగితే మన పిల్లలు సైనికవాదం, రహస్య ఒప్పందాలు, సామ్రాజ్య కాంక్ష అని గడగడా అప్పజెబుతారు. "మరి నాలుగేళ్లు దాదాపు ఒకేచోట ఎందుకు కొట్టుకున్నారు?" అంటే మాత్రం క్లాసంతా నిశ్శబ్దం. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఆ ప్రశ్నకు పిల్లలే జవాబు పట్టుకునేలా ఈ పాఠాన్ని రెండు పీరియడ్లలో చెప్పవచ్చు. ఒకటి క్లాసులో, ఒకటి గ్రౌండులో. యూరప్ మ్యాపు, రెండు రంగుల చాక్‌పీసులు, ముగ్గుపిండి, కొలత టేపు, ఒక సైకిలు ఉంటే చాలు.

ఒక్క మాట ముందే చెబుతాను. "సేనాపతులు మూర్ఖులు కాబట్టి లక్షలమంది చచ్చిపోయారు" అంటూ మొదలుపెట్టకండి. ఆ మాట వినగానే పిల్లలు ఆలోచించడం మానేస్తారు. దాడి చేసేవాడు కాలినడకన రావాలి, కాపాడుకునేవాడికి వెనకాల కొత్త దళాలను తెచ్చే రైలు ఉంది. ఈ తేడా తలకెక్కితే మిగతా పాఠం దానంతటదే నడుస్తుంది.

మొదటి పీరియడ్‌లో సరయేవో హత్యకు (1914 జూన్ 28) రెండు నిమిషాలకు మించి ఇవ్వకండి. నేరుగా ఆగస్టు 4కి రండి. ఎర్ర చాక్‌పీసుతో జర్మన్ సైన్యాన్ని బెల్జియం మీదుగా పారిస్ వైపు తిప్పండి. సెప్టెంబరు మొదట్లో మార్న్ నది దగ్గర ఫ్రెంచి, బ్రిటిష్ సైన్యాలు దాన్ని ఆపేశాయి. జర్మన్లు వెనక్కి తగ్గి ఎన్ నదికి ఉత్తరాన ఉన్న ఎత్తైన నేల మీద ఆగారు. మీరూ చాక్‌పీసు అక్కడే ఆపి పిల్లల్ని అడగండి: "అలిసిపోయిన జర్మన్ సిపాయివి నువ్వు. వెనకాల శత్రువు తరుముకొస్తున్నాడు. చేతిలో పార ఉంది. ఏం చేస్తావు?"

గొయ్యి తవ్వుతానని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మరి ఎదుటివాడు? వాడూ తవ్వుతాడు. ఎదురుగా వెళ్లలేకపోతే? పక్కనుంచి చుట్టుకు రావాలి. సరిగ్గా అదే జరిగింది. ఇద్దరూ ఒకరినొకరు ఉత్తరం వైపు నుంచి చుట్టుముట్టాలని చూశారు. వెళ్లిన ప్రతిచోటా అవతలివాడు ఎదురయ్యాడు, ఇద్దరూ మళ్లీ తవ్వుకున్నారు. ఈ పరుగు సముద్రం దాకా సాగింది. అక్టోబరు చివర్లో బెల్జియం తీరంలోని నియూపోర్ట్ దగ్గర బెల్జియన్లు జర్మన్లను ఆపడానికి తూములెత్తి సముద్రపు నీటిని పొలాల్లోకి వదిలారు. నవంబరు ముగిసేసరికి ఉత్తర సముద్రం నుంచి స్విట్జర్లాండ్ సరిహద్దు దాకా సుమారు 700 కిలోమీటర్ల గీత ఏర్పడింది. ఇక చుట్టుకు రావడానికి పక్క అనేదే మిగల్లేదు. ఈ మాట పిల్లల నోటి నుంచే రావాలి, అప్పటిదాకా ఓపిక పట్టండి.

నేలలో దూరాల్సిన అవసరం ఎందుకొచ్చిందో కూడా ఇక్కడే చెప్పాలి. మాక్సిమ్ మర తుపాకి 1884 నాటిది. నిమిషానికి 500 తూటాల దాకా పేలుస్తుంది. 1897 నాటి ఫ్రెంచి 75 మి.మీ. ఫిరంగి పేలిన తర్వాత చక్రాల మీద వెనక్కి జారదు కాబట్టి మళ్లీ మళ్లీ గురిపెట్టాల్సిన పని లేదు. ముళ్లతీగకు అమెరికాలో గ్లిడెన్ 1874లో పేటెంటు తీసుకున్నది పశువుల కంచె కోసం. 1864-65లో అమెరికా అంతర్యుద్ధంలో పీటర్స్‌బర్గ్ దగ్గర, 1905లో రష్యా-జపాన్ యుద్ధంలో ముక్డెన్ దగ్గర కందకాల్లోంచి పోరాడటం ప్రపంచం చూసింది. కానీ ఈసారి ఫ్యాక్టరీలు ఈ తుపాకులను, ఫిరంగులను, ముళ్లతీగను గుట్టలుగా పోశాయి.

రెండో పీరియడ్ గ్రౌండులో. ఈ పాఠానికి ప్రాణం ఇదే, తొందరపడకండి. రెండు కందకాల మధ్య ఎవరిదీ కాని నేల చాలాచోట్ల 100 నుంచి 300 మీటర్లు, కొన్నిచోట్ల 50 మీటర్లే. అందుకని గ్రౌండుకు రెండు కొసల్లో అసలు కొలతలకే ముగ్గు వేయవచ్చు. గీత నేరుగా వద్దు. ఏడెనిమిది మీటర్లు సూటిగా వేసి, ఒక అడ్డం మలుపు తిప్పి, మళ్లీ సూటిగా వేయండి. ఎందుకో పిల్లల్నే కనుక్కోమనండి. ఒక గుండు లోపల పడితే దాని ముక్కలు ఆ మలుపు దగ్గరే ఆగిపోవాలి. శత్రువు లోపలికి దూకినా కందకం పొడవునా కాల్చలేకపోవాలి.

తర్వాత టేపుతో లోతు చూపించండి, సుమారు రెండు మీటర్లు. నిలబడితే తల కనబడకూడదు. మరి కాల్చడం ఎలా? ముందువైపు గోడకు ఒక మెట్టు ఉంటుంది, దాని మీదికెక్కి కాలుస్తారు. పైన గోనె సంచుల్లో మట్టి నింపి పేర్చేవారు. ఆ సంచులకు కావలసిన జనుము బెంగాల్ నుంచి పోయేది, కలకత్తా మిల్లులకు క్షణం తీరిక ఉండేది కాదు. అడుగున బురదలో చెక్క పలకలు. రోజులకొద్దీ తడిలో నిలబడితే పాదాలు కుళ్లిపోయేవి, అందుకని తిమింగలం నూనె రాసుకునేవారు. ముందు వరుస వెనక ఇంకో రెండు వరుసలు, వాటిని కలిపే సన్నటి దారులు కూడా వేయండి. సిపాయిలు ఈ వరుసల మధ్య వంతులవారీగా మారేవారు.

ముగ్గు పూర్తయ్యాక ఒక నిజమైన యుద్ధాన్ని అందులో నడపండి. నేను ఎప్పుడూ ఉత్తర ఫ్రాన్సులోని న్యూవ్ షాపెల్‌నే ఎంచుకుంటాను, ఎందుకంటే అక్కడ జర్మన్ల మీద దాడి చేసిన బ్రిటిష్ సైన్యంలో సగంమంది భారత దళాలవాళ్లు. 1914 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పలచటి నూలు బట్టలతో ఫ్రాన్సులోని మార్సెయ్ రేవులో దిగిన లాహోర్, మీరట్ డివిజన్ల సిపాయిలు వాళ్లు. 1915 మార్చి 10 ఉదయం 7:30కి మూడు వందలకు పైగా ఫిరంగులు మొదలయ్యాయి. 35 నిమిషాల తర్వాత పదాతి దళం లేచింది. గఢ్వాల్ రైఫిల్స్‌కు చెందిన గబర్ సింగ్ నేగి జర్మన్ కందకంలోకి దూకి, ప్రతి మలుపూ అందరికంటే ముందు తానే తిరుగుతూ శత్రువుల్ని వెనక్కి తోశాడు. ఆ రోజే చనిపోయాడు. మరణానంతరం బ్రిటిష్ సైన్యంలో అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ ఇచ్చారు. పిల్లల్ని ముగ్గు గీత వెంట నడిపించి ఒక్కో మలుపు దగ్గర ఆపండి. అవతల ఎవరున్నారో తెలియకుండా ముందు తిరగడం అంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

ఊరు ఉదయమే చేతికొచ్చింది. తర్వాతే చిక్కు. ఇప్పుడు సైకిలు తీయండి. దాడి చేసిన గుంపు అవతలి గీత దగ్గర నిలబడుతుంది. టెలిఫోను తీగలు గుండ్లకు తెగిపోయాయి కాబట్టి, "ముందుకు వెళ్లమంటారా?" అని చీటీ రాసి ఒక పిల్లవాడితో నడిపించి హెడ్మాస్టరు గదికి పంపండి. జవాబు పట్టుకుని అతను మళ్లీ నడిచే రావాలి. అదే సమయంలో కాపాడుకునే పక్షం గేటు దగ్గర నుంచి ఒక్కొక్కరినీ సైకిలు మీద తెచ్చుకుంటుంది. సైకిలే రైలు. చీటీ తిరిగొచ్చేసరికి అవతల ఎంతమంది చేరారో లెక్కపెట్టించండి.

న్యూవ్ షాపెల్‌లో మళ్లీ కదిలేసరికి సాయంత్రమైంది. 12న జర్మన్లు కొత్త దళాలతో ఎదురుదాడి చేశారు. 13కి యుద్ధం ఆగింది. ఊరు దక్కింది, లక్ష్యమైన ఓబర్స్ గుట్ట దక్కలేదు. భారత దళాల్లో చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు కలిపి దాదాపు 4,200. అక్కడి భారత స్మారకం మీద సమాధి కూడా దొరకని 4,700 మందికి పైగా పేర్లున్నాయి. ఈ సంఖ్యలు చెప్పేటప్పుడు గొంతు తగ్గించి, నిదానంగా చెప్పండి. తుపాకి శబ్దాలు చేస్తూ ఆడుకోవడాన్ని ఆ గ్రౌండులో అనుమతించకండి.

గెలుపు అందకపోవడానికి గుండ్లు చాలకపోవడమే కారణమని బ్రిటిష్ సేనాపతులు అనుకున్నారు. ఫలితం 1916లో ఫ్రాన్సులోని సోమ్ నది దగ్గర జరిగిన యుద్ధం: వారం రోజుల్లో 15 లక్షలకు పైగా గుండ్లు పేల్చారు. జర్మన్లు సుద్దనేలలో లోతుగా తవ్వుకున్న గదుల్లో దాక్కుని బతికారు, ముళ్లకంచె చాలాచోట్ల తెగనేలేదు. జూలై 1 ఒక్కరోజే బ్రిటిష్ సైన్యంలో 19,240 మంది చనిపోయారు. కంచె తెంచే సాధనం మన వైపు నుంచే వెళ్లిందని ఇక్కడ చెప్పవచ్చు: పేలుడు మందు కూరిన పొడవాటి గొట్టం, బెంగుళూరు టార్పెడో. మద్రాస్ శాపర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళానికి చెందిన కెప్టెన్ మెక్‌క్లింటాక్ 1912లో రూపొందించాడు. ఆ దళంలో తెలుగు సిపాయిలూ ఉండేవారు.

1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్లు వదిలిన క్లోరిన్ గ్యాసు, 1916 సెప్టెంబరు 15న వచ్చిన ట్యాంకు, 1918లో చిన్న గుంపులుగా చొరబడే జర్మన్ పద్ధతి, అదే ఏడాది ఆగస్టు 8న ఫ్రాన్సులోని ఆమియాన్ దగ్గర మిత్రపక్షాల ట్యాంకులు, విమానాలు, ఫిరంగులు కలిసి చేసిన దాడి: వీటిని బోర్డు మీద ఒక వరుసలో రాసి, ఒక్కొక్కటీ నడకకు, రైలుకు మధ్య ఉన్న తేడాను ఎంత తగ్గించిందో చర్చ పెట్టండి.

పరీక్షలో "కందక యుద్ధం గురించి రాయండి" అని ఇవ్వకండి. "న్యూవ్ షాపెల్‌లో ఉదయం గెలిచినవాళ్లు సాయంత్రానికి ఎందుకు ఆగిపోయారు?" అని అడగండి. తెగిన తీగలు, ఆలస్యమైన చీటీ, అవతలివాడి రైలు, ఈ మూడింటినీ కలిపి రాసినవాళ్లకు పూర్తి మార్కులు వేయండి, తేదీలు తప్పినా సరే.