విక్టోరియా కాలపు ఫైర్‌ప్లేస్ ఇనుమును బాగుచేయడం ఎలా?

బ్రిటన్‌లో పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో చాలామందికి హాల్లో తెల్ల పెయింటు పూసిన ఫైర్‌ప్లేస్ ఒకటి కనిపిస్తుంది. ఇల్లు విక్టోరియా రాణి కాలానిదైతే (1837–1901) ఆ పెయింటు కింద పోత ఇనుము ఉండే అవకాశం ఎక్కువ. ష్రాప్‌షైర్‌లోని కోల్‌బ్రూక్‌డేల్, స్కాట్లండ్‌లోని క్యారన్ వంటి కార్ఖానాలు ఇలాంటివి పోతపోసేవి. ఆకులు, పూలతీగల అంచులు వాటిలో ఎంతో పదునుగా దిగేవి. ఒక్కో పూత పెయింటు పడేకొద్దీ ఆ పదును పూడిపోతుంది. దాన్ని మళ్లీ బయటికి తీయడమే మన పని. కొత్త సామానులా తళతళలాడించాలని చూడకండి.

మొదట టార్చిలైటుతో అంతా చూడండి. వజ్రం ఆకారపు ముద్ర కనిపిస్తే ఆ డిజైను 1842–1883 మధ్య నమోదైనట్టు. 1884 నుంచి ముద్ర పోయి, ‘ఆర్‌డి’ (Rd) అక్షరాల పక్కన ఒక నంబరు వచ్చింది. ఇల్లు లిస్టెడ్ భవనమైతే (అంటే చారిత్రక విలువ ఉందని రక్షణ జాబితాలో చేర్చినదైతే) దేన్నైనా ఊడదీసే ముందు స్థానిక కౌన్సిల్‌ని అడగాలి.

తర్వాత సీసం సంగతి. పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు, దాని ధూళి పిల్లలకు చాలా ప్రమాదం. అందుకే పొడి గరుకు కాగితంతో రుద్దొద్దు, మంటతో కాల్చొద్దు. ముందు టెస్ట్ కిట్‌తో చూసుకోండి. పిల్లల్నీ గర్భిణుల్నీ ఆ గదిలోకి రానివ్వకండి.

పెయింటు తీయడానికి ముద్దలా ఉండే పెయింట్ రిమూవర్ మందంగా పట్టించి, డబ్బా మీద రాసినంతసేపు ఓపిక పట్టండి. కిటికీలు తెరిచి, చేతులకు గ్లవ్స్ వేసుకోండి. మెత్తబడ్డ పెయింటును ప్లాస్టిక్ గరిటెతోనో కర్రపుల్లతోనో గీకి, తడిగా ఉండగానే సంచిలో కట్టేయండి. అసలు కష్టం పూరేకుల సందుల్లో ఉంటుంది. అక్కడ పాత టూత్‌బ్రష్షే గతి, తొందరపడితే పని చెడుతుంది. సుత్తి జోలికి మాత్రం వెళ్లొద్దు. పోత ఇనుము వంగదు, పగులుతుంది.

తుప్పు ఉంటే సన్నని స్టీల్ ఉన్నితో మెల్లగా రుద్ది, వైట్ స్పిరిట్ (పెయింటు పలచన చేసే ద్రావకం) అద్దిన గుడ్డతో తుడవండి. నీళ్లతో కడిగితే గంటల్లోనే మళ్లీ తుప్పు పడుతుంది.

ఇప్పుడు గ్రేట్ పాలిష్, అంటే పొయ్యి ఇనుముకు పూసే నల్ల పాలిష్. ఆ రోజుల్లో దీన్ని బ్లాక్ లెడ్ అనేవారు. పేరులో సీసం ఉన్నా అది గ్రాఫైటే. పలచగా పూసి, ఆరాక బూట్ల బ్రష్షుతో రుద్దండి. ఎత్తైన చోట్ల వెండి ఛాయ, లోతుల్లో నలుపు నిలిచి పూలు లేచి కనిపిస్తాయి. నాకు ఈ పని మొత్తంలో ఇదే ఇష్టమైన ఘట్టం. నల్ల స్ప్రే పెయింటుతో ఇది రానే రాదు.

పొయ్యి ముందుండే ఇత్తడి కమ్మీకి అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే లోపల ఇనుము, పైన పూత మాత్రమే. గట్టిగా తోమితే ఆ పూత ఊడిపోతుంది. అతుక్కోకుండా, పైన లక్క పూత కూడా లేకపోతే అమ్మమ్మల పద్ధతిలో చింతపండుతో తోమి, కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. ఆ పులుపు పక్కనున్న ఇనుముకు తగలనివ్వకండి, తుప్పు పట్టిస్తుంది.

మంట వేసే ఉద్దేశం ఉంటే ముందు పొగగొట్టాన్ని శుభ్రం చేయించి, వెనక ఉన్న ఇటుక పలకలో పగుళ్లు ఉన్నాయేమో చూపించండి. మీ ప్రాంతంలో పొగ ఆంక్షలుంటే ఏ ఇంధనం వాడొచ్చో కౌన్సిల్ చెబుతుంది. మొదటి మంట చిన్నదిగా వేసి, కిటికీ తెరిచి ఉంచండి. కొత్త పాలిష్ కాస్త వాసన వేస్తుంది.