గంజాం, గజపతి జిల్లాల నుంచి పురావస్తు, మానవశాస్త్రాల వైపు

బరంపురం, పర్లాకిమిడిల్లో డిగ్రీ చదువుతున్న తెలుగు విద్యార్థులు ఈ రంగాల్లోకి రాదలిస్తే, ముందుగా ఋషికుల్య తీరాన జౌగడలో ఉన్న అశోకుని శాసనాన్ని చూసి రావడం మంచిది. అయితే అక్కడ కనబడిన కుండపెంకును జేబులో వేసుకోరాదు, దొరికిన చోటు నుంచి విడిపోయిన పెంకు సగం సాక్ష్యాన్ని పోగొట్టుకుంటుంది. తవ్వకాల్లో దొరికిన పెంకులను మెత్తని కుంచెతో కడిగి, నీడన ఆరబెట్టి, లోపలివైపు సిరాతో గుర్తుసంఖ్య వేస్తారు. ఆ ఓపిక లేనివారికి ఈ వృత్తి పొసగదని నా అభిప్రాయం.

మానవశాస్త్రంలో పీజీకి కొరాపుట్‌లోని కేంద్రీయ విశ్వవిద్యాలయం, విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దగ్గర. పురావస్తుశాస్త్రానికి పుణెలోని దక్కన్ కళాశాల పేరుపొందింది. ఇంట తెలుగు, బడిలో ఒడియా నేర్చినవారు సవర భాష కూడా పట్టుకుంటే కొండపల్లెల్లో దుబాసీ లేకుండానే క్షేత్రపరిశోధన సాగించవచ్చు. ఉద్యోగాలకు 1945లో ఏర్పడిన భారత మానవశాస్త్ర సర్వే, పురావస్తు సర్వే, మ్యూజియంల ప్రకటనలను గమనిస్తుండాలి.