ఆరోగ్య కార్యకర్తను పద్మ పురస్కారానికి నామినేట్ చేయడం ఎలా: అర్హత, గడువు, దరఖాస్తు విధానం

జనవరి 25 సాయంత్రం పద్మ పురస్కారాల జాబితా వస్తుంది. సినిమా, క్రీడల పేర్ల మధ్య మనం ఎన్నడూ వినని పేర్లు కూడా కొన్ని కనిపిస్తాయి. 2018లో అలా వచ్చిన పేరు సూలగిత్తి నరసమ్మ. ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న పావగడ ప్రాంతంలో డబ్బు ఆశించకుండా వేల కాన్పులు చేసిన మంత్రసాని ఆమె. 2023లో మన సంకురాత్రి చంద్రశేఖర్ పేరు వచ్చింది. 1985 కనిష్క విమాన దుర్ఘటనలో భార్యనూ ఇద్దరు పిల్లలనూ పోగొట్టుకున్నాక కెనడా నుంచి తిరిగొచ్చి కాకినాడ ప్రాంతంలో పేదల కోసం బడి, కంటి ఆసుపత్రి నెలకొల్పిన మనిషి ఆయన.

అడవి పల్లెల్లో, కొండ గూడేల్లో పనిచేసేవారి పేర్లు ఢిల్లీకి వాటంతటవి చేరవు. ఎవరో ఒకరు కూర్చుని, వివరాలు సేకరించి, రాసి పంపాలి. స్వచ్ఛంద ఆరోగ్య సంస్థల్లో ఆ పని చేసేవాళ్లు చాలా తక్కువ. సంస్థ వార్షిక సభలో శాలువా కప్పి, ఫోటో దిగి, అక్కడితో సరిపెట్టేస్తాం. పాతికేళ్లు ఒకే మండలంలో క్షయ రోగుల వెంట తిరిగిన మనిషికి ఆ శాలువా సరిపోదు. నామినేషన్‌కు రుసుము లేదు, ఎమ్మెల్యే సిఫార్సు అక్కర్లేదు. కావలసినదల్లా కొన్ని వారాల శ్రద్ధ.

ఎవరు పంపవచ్చు, ఎవరిని పంపవచ్చు

దేశ పౌరులెవరైనా ఎవరినైనా నామినేట్ చేయవచ్చు. తమను తాము నామినేట్ చేసుకోవడానికీ వీలుంది. సంస్థ తరఫునా పంపవచ్చు. కులం, వృత్తి, హోదా, ఆడామగా అన్న తేడా నిబంధనల్లో ఎక్కడా లేదు. పైగా మహిళలు, దళితులు, గిరిజనులు, దివ్యాంగులు, నిస్వార్థంగా సేవ చేస్తున్నవారిలోంచి అర్హులను వెతికి పంపమని కేంద్ర హోం శాఖే ఏటా తన ప్రకటనలో కోరుతుంది. చదువు, డిగ్రీ అడ్డంకి కాదు.

పురస్కారం వ్యక్తికే, సంస్థకు కాదు. "మా ఆసుపత్రి సిబ్బంది అందరికీ" అని పంపడం కుదరదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) మొత్తానికి గుర్తింపు కావాలంటే దాని దారి వేరు. 2015లో మొదలైన కాయకల్ప పథకం శుభ్రత, పారిశుధ్యం, ఇన్ఫెక్షన్ల నియంత్రణ చూసి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలకు బహుమతులిస్తుంది.

ఇక అసలు చిక్కు ఇక్కడుంది. ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థల్లో పనిచేసేవారు పద్మ పురస్కారాలకు అర్హులు కారు. డాక్టర్లకు, శాస్త్రవేత్తలకు మాత్రమే మినహాయింపు. అంటే పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌ను నామినేట్ చేయవచ్చు గానీ, అదే పీహెచ్‌సీలో సర్వీసులో ఉన్న రెగ్యులర్ స్టాఫ్ నర్సును, ఏఎన్ఎంను (ఊళ్లలో తిరిగే సహాయక నర్సును) చేయకూడదు. ఇంటింటికీ తిరిగే పని ఎక్కువగా వాళ్లదే అయినప్పుడు ఈ మినహాయింపు నర్సులకూ ఉండాలని నా గట్టి అభిప్రాయం. కానీ నిబంధన నిబంధనే. తెలియక పంపితే అంత శ్రమా వృథా అవుతుంది. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే నర్సులకు, ఆరోగ్య కార్యకర్తలకు, ఫిజియోథెరపిస్టులకు ఈ అడ్డు లేదు. ఆశా కార్యకర్తలను ప్రభుత్వం ఉద్యోగులుగా కాక గౌరవ వాలంటీర్లుగా లెక్కిస్తుంది. జీతం దగ్గర వాళ్లను ఇంతగా దెబ్బతీసే ఆ లెక్క, ఇక్కడ మాత్రం అడ్డు రాదు.

సర్వీసులో ఉన్న నర్సుల కోసం జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ పురస్కారం ఉంది. కేంద్ర ఆరోగ్య శాఖ 1973లో నెలకొల్పింది. నర్సులు, ఏఎన్ఎంలు, లేడీ హెల్త్ విజిటర్లు, ప్రభుత్వంలో ఉన్నా స్వచ్ఛంద సంస్థలో ఉన్నా అర్హులే. రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రశంసాపత్రం, పతకం, లక్ష రూపాయల నగదు ఇస్తారు. దానికి ప్రకటన వేరే వస్తుంది. మే 12 అంతర్జాతీయ నర్సుల దినోత్సవానికి ముడిపడిన పురస్కారం కాబట్టి సంవత్సరం మొదటి నెలల్లోనే కనిపెట్టుకుని ఉండాలి. మీ దగ్గర ప్రభుత్వ ఏఎన్ఎం గురించిన వివరాలు సిద్ధంగా ఉంటే పద్మను పక్కనపెట్టి ఆ వైపు వెళ్లండి.

మరణానంతరం పద్మ ఇవ్వడం అరుదు. మనిషి ఇటీవలే, అంటే ప్రకటనకు ముందు ఏడాది లోపల మరణించి, సేవ చాలా గొప్పదైతే పరిశీలిస్తారు. "ఇంకా టైముందిలే, రిటైరయ్యాక చూద్దాం" అనుకుంటూ వాయిదా వేయకండి.

గడువు

2025 పురస్కారాలకు నామినేషన్లు 2024 మే 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు తీసుకున్నారు. 2026 పురస్కారాలకు వచ్చేసరికి ఇది ముందుకు జరిగింది: 2025 మార్చి 15న తెరిచి, చివరి తేదీగా జులై 31 ప్రకటించారు. సెప్టెంబర్ వరకు సమయం ఉంటుందన్న పాత అలవాటుతో కూర్చుంటే తలుపు మూసుకుపోతుంది. పొడిగిస్తారన్న ఆశ కూడా పెట్టుకోవద్దు. ఆ ఏటి తేదీలు పోర్టల్‌లో చూసుకుని, తెరిచే నాటికే రాత సగం అయ్యేలా జనవరిలోనే పని మొదలుపెట్టడం మేలు.

పోర్టల్‌లో నింపడం

నామినేషన్ ఆన్‌లైన్‌లోనే. రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్, అంటే అవార్డ్స్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పంపాలి. పోస్టులో పంపిన ఫైళ్లు, కలెక్టరేట్‌లో ఇచ్చిన వినతిపత్రాలు నామినేషన్ కిందికి రావు. ముందు మీ పేరుతో గానీ సంస్థ పేరుతో గానీ రిజిస్టర్ చేసుకోవాలి. మొబైల్‌కు ఓటీపీ వస్తుంది కాబట్టి సంస్థలో ఎప్పుడూ అందుబాటులో ఉండే నంబరు ఇవ్వండి. ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన కుర్రాడి ఫోన్‌కు ఓటీపీలు పోతూ ఉంటే మళ్లీ లాగిన్ కావడమే కష్టమవుతుంది.

లోపలికి వెళ్లాక పద్మ పురస్కారాలను ఎంచుకుని, నామినీ పేరు, పుట్టిన తేదీ, చిరునామా, వృత్తి లాంటివి నింపాలి. పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయండి. ఊళ్లో అందరూ పిలిచే పేరు వేరైతే దాన్ని సైటేషన్‌లో, అంటే ఆ మనిషి చేసిన పనిని వివరించే వ్యాసంలో, ఒకసారి ప్రస్తావించండి.

పద్మవిభూషణ్, పద్మభూషణ్, పద్మశ్రీలలో ఏదని అడుగుతుంది. ఇంతకుముందు ఏ పద్మా అందుకోని ఆరోగ్య కార్యకర్తకు పద్మశ్రీ ఎంచుకోవడమే సబబు. తర్వాత రంగం. ఇక్కడ చాలామంది ఆలోచించకుండా వైద్యం అని కొట్టేస్తారు. గడ్చిరోలీలో పసిబిడ్డల మరణాలు తగ్గించిన అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులకు 2018లో, పోలియో శస్త్రచికిత్సలతో పేరుపొందిన విశాఖ డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణరావుకు 2022లో పద్మశ్రీ వైద్య రంగంలోనే వచ్చింది. కంటి ఆసుపత్రి నెలకొల్పినా సంకురాత్రి చంద్రశేఖర్‌కు మాత్రం సామాజిక సేవ కింద వచ్చింది. మీ మనిషి చేసినది చికిత్సా, లేక చికిత్స దాకా జనాన్ని తీసుకురావడమా? రెండోదైతే సామాజిక సేవే సరైన గడి.

ఎనిమిది వందల మాటల సైటేషన్

ఫారంలో మిగతా గడులన్నీ అరగంట పని. నామినేషన్ నిలిచేదీ పడిపోయేదీ సైటేషన్ దగ్గరే. గరిష్ఠంగా 800 మాటల్లో, వ్యాసంలా, ఆ వ్యక్తి చేసిన విశిష్టమైన పని ఏమిటో చెప్పాలి. ముందు తెలుగులో రాసుకోండి. మనం ఒక్క మాటలో చెప్పేది ఇంగ్లిష్‌లో రెండు మూడు మాటలవుతుంది కాబట్టి తెలుగు ప్రతి 500 మాటలు దాటకుండా చూసుకుంటే, ఇంగ్లిష్‌లోకి మార్చినప్పుడు కత్తిరింపులు ఉండవు.

సంస్థల నుంచి వెళ్లే సైటేషన్లు తరచూ ఇలా ఉంటాయి: "ఆమె నిస్వార్థ సేవామూర్తి. పేదల పాలిటి పెన్నిధి. అహర్నిశలు శ్రమిస్తూ ఎందరికో స్ఫూర్తిగా నిలిచారు." ఇందులో అబద్ధం లేకపోవచ్చు, కానీ ఈ మూడు వాక్యాలూ ఎవరి గురించైనా రాయవచ్చు. చదివే అధికారి ముందు ఇలాంటివి వేలల్లో ఉంటాయి. బదులుగా ఇలా ఊహించండి: "వాన ముదిరితే దారి మూసుకుపోయే గూడేలకు గర్భిణుల జాబితా ఆమె తన చేతిరాతతో పెట్టుకున్నారు. నెలలు నిండుతున్నవారిని వాగు పొంగకముందే ఇవతలి ఒడ్డున బంధువుల ఇళ్లకు చేర్చడం మొదలుపెట్టారు. చుట్టుపక్కల కార్యకర్తలు ఇప్పుడు అదే పద్ధతి పాటిస్తున్నారు." ఇక్కడ పొగడ్త ఒక్కటీ లేదు. అయినా ఆ మనిషి కళ్లముందు నిలబడుతుంది.

ప్రభుత్వం చూసేది ఆ రంగంలో నైపుణ్యం ఒక్కటే కాదు, దాన్ని మించినది. అందులో ప్రజాసేవ అంశం ఉండాలని నిబంధనే చెబుతుంది. అందుకే మూడు సంగతులు తప్పకుండా తేల్చాలి. మీ నామినీ రాకముందు అక్కడ పరిస్థితి ఏమిటి. ఆమె చేసిన పని, తన ఉద్యోగ విధికి మించి ఎక్కడ మొదలైంది. ఆ పని వల్ల ఏం మారింది, అది ఎవరి లెక్కలో కనిపిస్తుంది. మూడోదానికి రిజిస్టర్లు తిరగేయాలి. టీకాల రిజిస్టర్, కాన్పుల రిజిస్టర్, క్షయ చికిత్స కార్డులు, సంస్థ పాత వార్షిక నివేదికలు చూడండి. గుర్తున్న లెక్క కాకుండా రాసి ఉన్న లెక్కే ఇవ్వండి. "లక్షల మందికి" అని గుండ్రటి అంకె వేస్తే ఎంత నిజమైన సేవైనా అనుమానం పాలవుతుంది. తుది పరిశీలనకు వచ్చినవారి నేపథ్యాన్ని ప్రభుత్వ సంస్థలు విచారిస్తాయి, కాబట్టి చెప్పినది చూపించగలగాలి.

వివరాలు ఆమెను అడిగితే రావు. ఇలాంటి మనుషులు "నేనేం చేశానండీ" అనేస్తారు. గతంలో అక్కడ పనిచేసి బదిలీ అయిన డాక్టర్‌ను, ఆమె జీపు నడిపిన డ్రైవర్‌ను, ఇప్పుడు తల్లులైన ఒకనాటి బిడ్డలను అడగండి. ఏ సంవత్సరం, ఏ ఊరు అన్నది వాళ్ల నోట్లోంచే దొరుకుతుంది. అదే సమయంలో రోగుల పేర్లు సైటేషన్‌లో రాయకూడదు. ముఖ్యంగా హెచ్ఐవీ, క్షయ, మానసిక వ్యాధుల విషయంలో ఊరి పేరు చెప్పినా మనిషిని పోల్చుకోగలిగేలా ఉంటే ఆ వివరం తీసేయండి. ఆమె ఇన్నేళ్లూ దాచిన గుట్టును మన సైటేషన్ బయటపెట్టకూడదు.

పాత సన్మానాల జాబితాకు రెండు వరుసలు చాలు. అలాగే సంస్థ చరిత్ర, వ్యవస్థాపకుల గొప్పతనం ఇందులో దూర్చకండి. అది ఆమె సైటేషన్.

పంపాక

తుది సమర్పణ చేసేముందు మరొకరితో చదివించండి. పంపాక వచ్చే దరఖాస్తు నంబరు, సైటేషన్ ప్రతి సంస్థ ఫైల్లో పెట్టండి. నామినేషన్లన్నీ ఏటా ప్రధానమంత్రి నియమించే పద్మ పురస్కారాల కమిటీ ముందుకు వెళ్తాయి. కేబినెట్ కార్యదర్శి అధ్యక్షుడుగా, హోం కార్యదర్శి, రాష్ట్రపతి కార్యదర్శి, నలుగురి నుంచి ఆరుగురు ప్రముఖులు సభ్యులుగా ఉంటారు. వారి సిఫార్సులు ప్రధానికి, రాష్ట్రపతికి చేరతాయి. ఏడాదికి మొత్తం 120కి మించి ఇవ్వకూడదన్న పరిమితి ఉంది. మరణానంతర పురస్కారాలు, విదేశీయులకు, ప్రవాసులకు ఇచ్చేవి ఆ లెక్కలోకి రావు. అందుకే 2025 జాబితాలో 139 పేర్లున్నాయి. ఈలోగా సిఫార్సు చేయిస్తామని, డబ్బు ఇస్తే పనవుతుందని ఎవరైనా ఫోన్ చేస్తే మోసమేనని గట్టిగా అనుకోండి.

నామినీ నుంచి ముందే లిఖితపూర్వక అంగీకారం తీసుకునే నిబంధన లేదు. అయినా ఆమెకు చెప్పకుండా పంపవద్దని నా సలహా. పేరు రావచ్చు, రాకపోవచ్చు అని కూడా విడమరిచి చెప్పండి. పురస్కారంతో నగదు గానీ, రైలు, విమాన రాయితీలు గానీ రావు. రాష్ట్రపతి సంతకంతో సనద్ (ధ్రువపత్రం), పతకం ఇస్తారు. ఇది బిరుదు కాదు. పేరు ముందూ వెనుకా పద్మశ్రీ తగిలించకూడదని 1995 డిసెంబర్‌లో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. లెటర్‌హెడ్‌లు, ఆహ్వానపత్రికలు, పోస్టర్ల మీద పేరుకు జోడిస్తే పురస్కారం వెనక్కి తీసుకునే అవకాశం ఉంది. ఆసుపత్రి బోర్డు రాయించే ముందు యాజమాన్యానికి ఈ సంగతి చెప్పడం మీ బాధ్యత.

మొదటి ఏడాది పేరు రాకపోతే మరుసటి ఏడాది మళ్లీ పంపవచ్చు. పాత ప్రతినే యథాతథంగా పంపకుండా, ఆ ఏడాదిలో జరిగిన పనిని, కొత్తగా దొరికిన రిజిస్టర్ లెక్కలను చేర్చి, బలహీనంగా ఉన్న పేరాలు తీసేసి పంపండి.