ఏ ప్రెసిడెంట్ టైంల ఎక్కువ అవినీతి? లెక్క ఎట్ల చూడాలె

మా మిర్యాలగూడల వీధికి పదిమంది పిల్లలు అమెరికాలనే ఉన్నరు, అందుకే చాయ్ హోటల్ కాడ సుత ట్రంప్, బైడెన్ పంచాయితీ నడుస్తది. మొన్న మా బావ వాట్సాప్‌ల ఒక ఫార్వర్డ్ చూపెట్టిండు, ప్రెసిడెంట్ పేరు, పక్కన ఎంతమందికి శిక్ష పడ్డదో నంబరు, గంతే, ఎవడు దొంగనో తేలిపోయినట్టే మాట్లాడుతుండు. గట్ల తేలదు బావా అని నోట్‌బుక్ తీసి కూసోబెట్టిన. మీరు కూడ గదే చేయండి.

ఒక పేజీల గళ్లు కొట్టుకోండి. ఎన్నేండ్లు పాలించిండు, ఎంతమంది మీద కేసు, ఎంతమంది దోషులని తేలింది, అప్పీల్ల ఏమైంది, క్షమాభిక్ష ఎవరికి దొరికింది. ఫార్వర్డ్‌లల్ల ఆఖరి రెండు గళ్లు ఉండయి, అసలు కథ ఆడనే ఉంటది.

రీగన్ లైన్ నింపి చూడండి. ఇరాన్‌కు దొంగచాటుగ ఆయుధాలు అమ్మి, వచ్చిన పైసలు నికరాగ్వా తిరుగుబాటుదార్లకు మళ్లించిన్రు, 1986ల బయటపడ్డది. 14 మంది మీద కేసు, 11 మంది దోషులు. ఇగ అప్పీల్ గడికి వస్తే రీగన్ దగ్గర దేశ భద్రత పని చూసిన ఆలివర్ నార్త్, పాయిండెక్స్టర్ ఇద్దరి తీర్పులు కొట్టేసిన్రు, నిర్దోషులని కాదు, వీళ్ల మాటలు వీళ్ల మీద వాడబోమని హామీ ఇచ్చి కాంగ్రెస్ ముందట చెప్పించుకున్నరు, ఆ మాటలే సాక్షుల మీద పనిచేసి ఉండొచ్చని. తర్వాత గడిల, 1992 డిసెంబర్ 24న అప్పటి ప్రెసిడెంట్ బుష్ 6 మందికి క్షమాభిక్ష పెట్టిండు, అందుల రక్షణ మంత్రిగ చేసిన వైన్‌బర్గర్‌కైతే విచారణ మొదలుగాకముందే. మరి 11 అని రాయాల్నా, 9 అని రాయాల్నా? రెండూ రాయండి, కింద కారణం రాయండి.

నిక్సన్ గడి ఇంకా విచిత్రం. 1974 ఆగస్టుల రాజీనామా, సెప్టెంబర్ 8న ఆయన తర్వాత ప్రెసిడెంట్ అయిన ఫోర్డ్ క్షమాభిక్ష. అంటే ఎదుటి పార్టీ ఆఫీసుల దొంగతనంగ చొరబడి, దాన్ని కప్పిపెట్టిన వాటర్‌గేట్ కేసు అంతటికి పెద్ద మనిషి పేరు దోషుల లిస్టులనే రాదు!

ఇంకోటి, ఎవరు పట్టుకున్నరో కూడ చూడాలె. మనకాడ ఏసీబీవాళ్లు ఒక ఆఫీసుల పౌడర్ పూసిన నోట్లతో ఉచ్చు పన్ని, వాషింగ్ సోడా కలిపిన నీళ్లల్ల చేతులు ముంచిస్తే గులాబీ రంగు వచ్చి దొరికిపోయిండనుకోండి, ఆ ఏడాది లెక్క 1. మరుసటేడు ఎవరూ ఫిర్యాదు ఇయ్యకపోతే 0. తినుడు బందైందా? ప్రెసిడెంట్ గ్రాంట్ టైంల 1875ల విస్కీ పన్ను ఎగ్గొట్టే ముఠా బయటపడి 110 మంది దోషులైన్రు, పట్టుకున్నది గ్రాంట్ సొంత ఆర్థిక మంత్రి బ్రిస్టో. గ్రాంట్ నంబరు పెద్దగ కనపడేది తిన్నోళ్లతోనే కాదు, పట్టుకున్న బ్రిస్టోతోని కూడ. గట్లనే 1978ల వచ్చి 1999ల గడువు తీరిన ఇండిపెండెంట్ కౌన్సిల్ చట్టం (పెద్ద పదవులల్ల ఉన్నోళ్ల మీద విచారణకు బయటి లాయర్‌ను పెట్టే చట్టం) ఉన్నప్పుడు ఒక్కో కేసు ఏండ్లకేండ్లు తవ్వేటోళ్లు, ఆ కాలపు గళ్లు నిండుగుంటయి.

నంబర్లు కలిసిపోకుండ కూడ చూసుకోండి. ట్రంప్ పక్కన 34 అని రెండుసార్లు వస్తది. 2016 ఎన్నికలల్ల రష్యా జోక్యం మీద విచారణ చేసిన ముల్లర్ కేసు పెట్టింది 34 మంది మీద, వాళ్లల్ల సగానికి పైగ రష్యావాళ్లు, వైట్‌హౌస్ ఉద్యోగులు కాదు. 2024 మేల న్యూయార్క్‌ల 34 నేరాలు రుజువైంది ఒక్క ట్రంప్ మీదనే, అది రాష్ట్రం కోర్టు, వ్యాపార రికార్డుల కేసు. మా బావ రెండూ కలిపి 68 చేసిండు. అటుదిక్కు హంటర్ బైడెన్‌ను బైడెన్ గవర్నమెంట్ లెక్కల ఏసుడు తప్పే, ఆయనకు పదవే లేదు, కాని 2024 డిసెంబర్ల తండ్రి ఇచ్చిన క్షమాభిక్ష మాత్రం తండ్రి గడిల రాయాల్సిందే.

లంచం, అధికారం దుర్వినియోగం వేరేవేరే రాయండి. ప్రెసిడెంట్ హార్డింగ్ మంత్రి ఆల్బర్ట్ ఫాల్‌కు ఆయిల్ కంపెనీ ఓనరు డోహెనీ కొడుకుతోని నల్లసంచిల లక్ష డాలర్లు పంపిండు, అప్పు అన్నరు. తీసుకున్న ఫాల్ దోషి, ఇచ్చిన డోహెనీ నిర్దోషి. ఫాల్ మీద తీర్పు 1929ల, హార్డింగ్ 1923లనే పోయిండు. అందుకే ఇప్పటి గవర్నమెంట్ లైన్ పెన్నుతో రాయొద్దు, పెన్సిల్‌తో రాయండి. మా బావ పెన్నే అడుగుతుండు.