పాత జిప్సీ ఎత్తు పెంచాక స్టీరింగు ఊగిసలాట: నా అనుభవం

మారుతి జిప్సీ కింగ్‌కి 205/70 ఆర్15 టైర్లు తీసి 235/75 ఆర్15 వేశాను. టైరు వ్యాసం 668 మి.మీ. నుంచి 733కి చేరింది. ఇరుసు కింద అసలు లాభం అందులో సగమే, 33 మి.మీ. 235కి కనీసం 6 అంగుళాల రిమ్ము కావాలి.

టైరు ఫెండరుకు తగలకుండా బెంగళూరు జేసీ రోడ్డులో 50 మి.మీ. పొడవెక్కువ షాకిల్స్ (కమాన్ పట్టీ కొసను ఛాసిస్‌కి కలిపే లింకులు) కొని బిగిస్తే బండి లేచింది 25 మి.మీ. మాత్రమే. లెక్క అంతే, సగం. చిక్కు ముందు వైపు వచ్చింది. షాకిల్ కమాన్ పట్టీకి ముందు కొసన ఉంటుంది కాబట్టి ఇరుసు పైభాగం ముందుకు వాలి క్యాస్టర్ (స్టీరింగును నేరుగా నిలిపే వెనక్కి వాలు కోణం) తగ్గింది. తుమకూరు రోడ్డెక్కితే స్టీరింగు నిలవదు. అలైన్‌మెంటులో టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఎంత సరిచేసినా ఇది పోదు.

పట్టీకి, ఇరుసుకి మధ్య 3 డిగ్రీల ఉక్కు వెడ్జి పెట్టాను, మందం వైపు ముందుకు. అంతకు మించితే పినియన్ (ఇరుసులో ప్రొపెల్లర్ షాఫ్ట్ కలిసే గేరు) కిందికి వాలి ఆ షాఫ్ట్ క్రాసులు, అంటే కీళ్లు, అరుగుతాయి.

షాకిల్ నట్లు చక్రాలు నేల మీద ఉన్నప్పుడే బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు బుష్‌లు మెలితిరిగి చిరుగుతాయి. ఇరుసు పూర్తిగా వేలాడినప్పుడు బ్రేకు హోసు లాగబడుతోందేమో చూడండి. 500 కి.మీ. తర్వాత పట్టీని ఇరుసుకి పట్టి ఉంచే యూ-బోల్టులు మళ్లీ బిగించాలి. టైరు పెద్దదైంది కాబట్టి మీటరు 60 చూపితే అసలు వేగం దాదాపు 66.