పాత సర్ఫ్ రికార్డుల అట్టలు పాడవకుండా

1960ల నాటి అమెరికన్ సర్ఫ్ (అలల మీద పలకతో జారే ఆట చుట్టూ పుట్టిన సంగీతం), హాట్ రాడ్ (వేగం కోసం మార్చుకున్న పాత కార్ల మీది పాటలు) ఎల్పీలను, అంటే పెద్ద గ్రామఫోను రికార్డులను, అట్ట మీది బొమ్మ కోసం కొంటుంటే, ఇంటికి తేగానే డిస్కును అట్టలోంచి బయటికి తీసేయండి. అప్పటి అమెరికన్ అట్టల్లో చాలావాటికి బొమ్మ అచ్చేసిన పలుచని కాగితాన్ని పైన అతికించేవారు. లోపల డిస్కు ఉండగా పక్క రికార్డులతో ఒరుసుకుంటే ఆ కాగితం మీద గుండ్రంగా తెల్లటి చార పడుతుంది. పడ్డాక ఇక పోదు. డిస్కును వేరే కాగితపు కవరులో పెట్టి, అట్ట వెనకాల ఉంచి, రెండింటినీ కలిపి పాలీప్రొపిలీన్ కవరులోకి దించండి. పీవీసీ కవర్లు చవకే గానీ డిస్కుకు మచ్చలు తెస్తాయి. రికార్డులను నిలువుగానే పేర్చండి.

బీచ్ బాయ్స్ బృందం 1963 నాటి ఎల్పీ ‘లిటిల్ డ్యూస్ కూప్’ అట్ట చూడండి. నీలం రంగు 1932 ఫోర్డు, పక్కనే నిలబడ్డ యజమానికి మాత్రం తల లేదు! ‘హాట్ రాడ్’ పత్రికకు తీసిన ఫొటోను ఆ రికార్డు వేసిన కాపిటల్ కంపెనీ అలా కత్తిరించి వాడుకుంది. అలాంటి అట్ట మీద చార పడితే ప్రాణం ఉసూరుమంటుంది.

కొనేటప్పుడు అట్టతో సరిపెట్టుకోకుండా డిస్కు మధ్యలో అతికించిన లేబులూ చూడండి. కాపిటల్ రికార్డు నంబరుకు ముందు ‘టి’ ఉంటే మోనో (ఒకే ధ్వనిమార్గం), ‘ఎస్‌టి’ ఉంటే స్టీరియో (రెండు). ‘డిటి’ అంటే మోనోను సాగదీసి చేసిన ఉత్తుత్తి స్టీరియో, నేనైతే ముట్టను. సర్ఫ్ గిటారిస్టు డిక్ డేల్ ఎల్పీ ‘సర్ఫర్స్ చాయిస్’ మొదట 1962లో డెల్‌టోన్ అనే కంపెనీ పేరు మీద వచ్చింది, కాపిటల్ ముద్రణ ఆ తర్వాతిది. అమ్మేవాళ్లు తొలి ముద్రణ ధర చెబితే ముందు లేబుల్ మీద డెల్‌టోన్ పేరు వెతకండి.