లావా నేలను చదవడం – 3వ పాఠం: సకురాజిమాలో చెట్లే పంచాంగం

పోయిన పాఠంలో బూడిదకూ లావాకూ తేడా చూశాం. ఒకటి ఎగిరొచ్చి పడుతుంది, రెండోది పారి గడ్డకడుతుంది. ఈ పాఠానికి ఆ తేడా గుర్తుండాలి.

జపాన్ దక్షిణాన కగోషిమా రేవులో పడవ ఎక్కితే పదిహేను నిమిషాల్లో సకురాజిమా. ‘జిమా’ అంటే దీవి. 1914 జనవరిలో పేలిన ఈ అగ్నిపర్వతం కక్కిన లావా తూర్పున ఉన్న జలసంధిని పూడ్చేసి, దీవిని ఒసుమి ద్వీపకల్పానికి అతికించింది. అయినా పేరు అదే.

ఈసారి నేర్చుకునేది లావా వయసును దాని మీది పచ్చదనంతో అంచనా కట్టడం. కొత్త లావాకు మట్టి ఉండదు, నీరు నిలవదు. మొదట నాచు, లైకెన్లు పడతాయి (మన మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే). పగుళ్లలో దుమ్ము చేరాక గడ్డి మొలుస్తుంది. తర్వాత నల్ల పైన్ వస్తుంది. దానికి ఎండ కావాలి. చిత్రమేమిటంటే, తోపు చిక్కబడ్డాక ఆ నీడలో పైన్ మొలకలే బతకవు. నీడకు ఓర్చుకునే తాబు వంటి నిత్యహరిత వృక్షాలు కింద నుంచి లేచి ఆ చోటు ఆక్రమిస్తాయి.

సకురాజిమా గొప్పతనం ఈ దశలన్నీ ఒకే కొండ చుట్టూ దొరకడం. 1946 లావా మీద చెట్లు పొట్టిగా, ఎడంఎడంగా ఉంటాయి. 1914 లావా మీద పైన్ తోపులున్నాయి. 1779 నాటి దాని మీద వెడల్పాకు చెట్లు కలిశాయి. 1470ల నాటి లావా మీద తాబు అడవే ఉంది. రేవు పక్కనే మొదలయ్యే నగిసా కాలిబాట 1914 లావా మీదే సాగుతుంది కనుక అక్కడ మొదలుపెట్టండి. దారిలో దాదాపు 100 మీటర్ల వేడినీటి తొట్టె ఉంది, అందులో ఉచితంగా కాళ్లు పెట్టుకుని కూర్చోవచ్చు. పాఠం అక్కడే ఆగిపోయే ప్రమాదమూ ఉంది!

రెండు పొరపాట్లు చేయకండి. బిలం దగ్గరి బోడి వాలును చూసి కొత్త లావా అనుకోవద్దు. అక్కడ మొక్కలను చంపేది వాయువులు, బూడిద. తెగులు సోకి పైన్లు ఎండిన చోట కూడా లెక్క తప్పుతుంది.

కురొకామి ఊళ్లో మరో రకం కొలబద్ద ఉంది. 3 మీటర్ల ఎత్తున్న ఆలయ ద్వారం, తొరీ, 1914లో బూడిదలో, నురగరాయిలో కూరుకుపోయింది. ఇప్పుడు పైదూలంతో మీటరు మాత్రమే కనిపిస్తుంది. ముందుతరాలు చూడాలని అప్పటి గ్రామాధికారి తవ్వనివ్వలేదట. నా దృష్టిలో సకురాజిమాలో తప్పక చూడాల్సింది ఇదే.

అభ్యాసం: నల్లరాళ్ల మధ్య నడుమెత్తు పైన్లు, పగుళ్లలో గడ్డి. పైన చెప్పిన నాలుగింటిలో ఇది ఏ లావా? కురొకామి ద్వారం మునిగిన లోతును బట్టి లావా వయసు చెప్పగలమా? రెండో ప్రశ్న దగ్గర తడబడితే మొదటి పేరా మళ్లీ చదవండి.

వచ్చే పాఠంలో 1658 నాటి సెంగన్‌ఎన్ తోట. ఈ అగ్నిపర్వతాన్నే తన కృత్రిమ కొండగా, సముద్రాన్నే కొలనుగా అరువు తెచ్చుకున్న తోట అది.